చెట్టును కొలిచి రాసిన వయసు

కమిషనరు అనగానే ఈ కాలం పిల్లలకు పోలీసు కమిషనరు గుర్తొస్తాడు. నేను చెప్పేది కోర్టు కమిషనరు సంగతి. జడ్జిగారు కుర్చీ దిగి పొలాల వెంటా తోటల వెంటా తిరగలేరు కనక ఒక కుర్ర ప్లీడరును పిలిచి, "నా బదులు నువ్వెళ్ళి చూసి, చూసింది చూసినట్టు రాసుకురా" అంటారు. ఆ కుర్ర ప్లీడరే కమిషనరు. కేసులు లేక వరండాలో ఈగలు తోలుకునేవాడికి అది పెద్ద పదవే. నాకు మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో పాయసం వండారు. ఆ పాయసం తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కొత్తగా నల్లకోటు తొడుక్కున్న మీలాంటివాళ్ళు ఆదివారాలు మా అరుగు మీదికొచ్చి, "మీరు గెలిచిన పెద్ద కేసు ఒకటి చెప్పండి తాతగారూ" అంటుంటారు. గెలిచినవి చెప్పుకోవడానికి ఎవరికి నోరు నొప్పి? ఇది నేను గెలిచిందీ కాదు, ఓడిందీ కాదు. ఇందులో నేను ఎవరి పక్షమూ కాదు. నా పనిలో తప్పుందని ఇంతవరకు ఏ కోర్టూ అనలేదు. అయినా నా నలభై ఏళ్ళ ప్లీడరీలో నేను చేసిన పాడుపనుల్లో ఇంతటిది ఇంకొకటి లేదు. పేర్లు మాత్రం రాయను. పోయినవాళ్ళు పోయారు, వాళ్ళ తాలూకు మనుషులు ఇంకా ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది. నూజివీడుకూ బాపులపాడుకూ మధ్య ఒక పల్లె. అక్కడ మామిడితోట ఉన్న రైతొకాయన అంతకు ముందు చలికాలంలో జ్వరంతో పోయాడు. భార్య ఆయనకంటే ముందే పోయింది. ఇద్దరు పిల్లలు మిగిలారు. పెద్దవాడు అబ్బాయి, ఇరవై రెండేళ్ళవాడు. పదకొండో ఏట కాయ కోయబోయి చెట్టు మీంచి పడితే తల రాయికి కొట్టుకుంది. అప్పట్నుంచీ ఒళ్ళు పెరిగింది గాని బుద్ధి పెరగలేదు. తండ్రి పోగానే తోట చట్టప్రకారం అతనిదైంది. ఆ రోజుల్లో కొడుకుండగా కూతురికి భాగం లేదు. ఆ భాగం లేని చెల్లెలే అతనికి అన్నం కలిపి పెట్టేది, తల దువ్వేది, ఉరుము ఉరిమితే పక్కన కూర్చుని చెవులు మూసేది.

ఆ అమ్మాయి జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకుంది. "నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. మా అన్నకు నన్ను సంరక్షకురాలిగా నియమించండి. మేమిద్దరం మా తోటలోనే ఉంటాం" అని. వాళ్ళ బాబాయి నూజివీడులో మామిడికాయల వ్యాపారి. అన్నతో ఏనాడో పంపకాలయ్యాక రాకపోకలు లేకుండా పోయిన మనిషి. ఆయన ఎదురు అర్జీ వేశాడు. "ఆ పిల్లకు ఇంకా పదహారే. తనే మైనరు. మైనరు ఇంకొకరికి సంరక్షకురాలు ఎట్లా అవుతుంది? ఇద్దరికీ నన్నే పెట్టండి. కుర్రాణ్ణి మంచి పిచ్చాసుపత్రిలో చేర్చి వైద్యం చేయిస్తాను" అని.

కేసంతా అదే. పిల్లకు పద్దెనిమిది నిండితే అన్న తోటలో ఉంటాడు. నిండకపోతే ఆసుపత్రి గోడల మధ్యకు పోతాడు. పైగా మన చట్టంలో ఒక మెలిక ఉంది. మామూలుగా పద్దెనిమిదితో మైనారిటీ తీరిపోతుంది. కోర్టు సంరక్షకుణ్ణి పెట్టిందంటే మాత్రం ఇరవై ఒకటి నిండేదాకా తీరదు. అంటే పదహారని ఒకసారి తేలితే, ఇంకో ఐదేళ్ళు ఆ పిల్ల మాటకు కోర్టులో విలువ ఉండదు.

బాబాయిని దుర్మార్గుడనుకోకండి. నేనూ మొదట అట్లాగే అనుకుని తర్వాత సిగ్గుపడ్డాను. ఒకరోజు వరండాలో నా పక్కన కూలబడి, "చూడండి ప్లీడరు గారూ, మా అన్న నాతో మాట్లాడకుండానే పోయాడు. ఆడపిల్ల, కోతలూ కాపలాలూ కూలీలూ ఎట్టా నెగ్గుకొస్తుందండీ? ఆ పిల్లాడికి తలలో దెబ్బ కదా, పెద్ద డాక్టర్లు చూస్తే బాగవుతాడేమో" అని ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే.

ఇక వయసుకు రుజువేదీ? ఆ ఏళ్ళ జననాల పుస్తకం చెదలు తిన్నదని కరణం రాసిచ్చాడు. పిల్ల బడికి పోలేదు. డాక్టరుగారు చూసి "పదహారుకూ పంతొమ్మిదికీ మధ్య" అని రాసి చేతులు దులుపుకున్నాడు. సాక్షులు అమ్మాయికి నలుగురు, బాబాయికి నలుగురు. అన్నదమ్ముల పంపకాలు జరిగినప్పుడు పిల్ల తల్లి చంకలో ఉందని ఎనిమిదిమందీ ఒప్పుకున్నారు. చంకలో పిల్లంటే ఆరునెలలదా, రెండున్నరేళ్ళదా? ఆ రోజుల్లో మూడేళ్ళొచ్చినా చంక దిగేవాళ్ళు కారు.

బాబాయి తరఫు ప్లీడరు గొంతు పెద్దది. "పద్దెనిమిది నిండిన పిల్లకు పెళ్ళి చెయ్యకుండా ఏ తండ్రైనా ఊరుకుంటాడా? ఏమ్మా, నీకు సంబంధాలే రాలేదా?" అని బోనులో ఉన్న అమ్మాయిని నిలదీశాడు.

"వచ్చాయండీ. మా అన్నను కూడా తీసుకెళ్తామన్నవాళ్ళు రాలేదు" అంది ఆ పిల్ల.

ఆ వెంటనే ఆమే చెట్టు మాటెత్తింది. వాళ్ళింట్లో బిడ్డ పుడితే పురిటి స్నానం రోజున ఆ బిడ్డ పేర తోటలో ఒక మామిడి అంటు నాటడం ఆనవాయితీ. "మా అన్నకొకటుంది, నాకొకటుంది. నా మాట నమ్మకపోతే నా చెట్టును చూసుకోండి. దానికెంత వయసో నాకూ అంతే" అంది. బాబాయిని అడిగితే, "నిజమేనండి. ఆ రోజు నేనక్కడే ఉన్నా. మా అన్న గుంట తీశాడు, మా వదిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది" అన్నాడు. జడ్జిగారి ప్రాణం లేచి వచ్చింది. ఆ కేసులో అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే. ఆ చెట్టు వయసు తేల్చి, పనిలో పనిగా అబ్బాయితో మాట్లాడి అతని మతి ఎట్లా ఉందో రాసుకురమ్మని నన్ను కమిషనరుగా వేశారు.

వెళ్ళే ముందు మా సీనియరుగారికి చెప్పడానికి పోయాను. ముక్కుపొడుం పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, "ఒక్కటి గుర్తుంచుకోవోయ్. సాక్షిని అడిగేటప్పుడు పక్కన ఎవర్నీ ఉండనివ్వకు. ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి చెప్పేది వేరు, నలుగురిలో చెప్పేది వేరు" అన్నారు. చిత్తం అన్నాను. అంటే సరిపోతుందా? అన్నానే గాని చెవిన పెట్టలేదు.

అవి బొగ్గుబస్సుల రోజులు. హనుమాన్ జంక్షన్ చేరేసరికి బస్సు నాలుగుసార్లు ఆగింది, ఆగినప్పుడల్లా వెనక బొగ్గు పొయ్యి తిప్పితే మళ్ళీ కదిలింది. అక్కణ్ణించి ఎద్దుబండి. రెండు పక్షాల ప్లీడర్లూ ఎండకు జడిసి "మీరు చూసొస్తే చాలు, మాకు అభ్యంతరం లేదు" అని కాగితం రాసిచ్చి ఇంట్లో పడుకున్నారు. నేను మాత్రం నల్లకోటు విప్పలేదు. కమిషనరును కదా! సంచిలో పంపకాల దస్తావేజు నకలొకటి, దర్జీ దగ్గర అరువు తెచ్చిన గుడ్డ టేపొకటి ఉన్నాయి.

తోటలో నాకోసం నలుగురున్నారు. బాబాయి, అమ్మాయి, ఆమె అన్న, ఇంకో ముసలమ్మ. ఆ ముసలమ్మ ఆ తోటలోనే కూలి చేస్తూ జీవితమంతా గడిపింది. ఇద్దరు పిల్లలకూ పురుడు పోసింది ఆమే.

అన్న ఆరడుగుల మనిషి. నూనె రాసి నున్నగా దువ్విన తల. భుజాన కావిడి, రెండు పక్కలా నీళ్ళ బిందెలు. నన్ను చూసి కావిడి దించి, కోటు వంక పైనుంచి కిందికి చూసి, "కాకి!" అని చప్పట్లు కొట్టాడు.

"అన్నయ్యా! తప్పు. ఆయన ప్లీడరు గారు" అంది చెల్లెలు, నవ్వు ఆపుకుంటూ.

"కాకీ, కాయ తింటావా?" అని చెట్టు కింద బుట్టలోంచి చిన్నరసం తీసి, రెండు చేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి మొదటి సొన పిండేసి నా చేతికిచ్చాడు. అట్లా పిసకడం అందరికీ రాదు. నా కోటు మీద ఒక్క చుక్క పడలేదు. అది నేను రిపోర్టులో రాయలేదు. రాయాల్సింది.

తిన్నాక అతన్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగాను. పేరు చెప్పాడు. "నాన్నగారెక్కడ?" అంటే "తోటలో" అన్నాడు. ఒక చేతికి వేళ్ళెన్నంటే ఐదన్నాడు. రెండు చేతులకూ ఎన్నంటే నా చేతులే పట్టుకుని లెక్కపెడుతూ ఉంగరం దగ్గర ఆగిపోయి, "బాగుంది" అన్నాడు. మళ్ళీ లేచి వెళ్ళి ఒక బిందె నీళ్ళు తెచ్చి చెల్లెలి చెట్టు మొదట్లో పోశాడు. కాపుకొచ్చిన చెట్టుకు బిందెతో నీళ్ళేమిటని నాకు నవ్వొచ్చింది.

"రోజూ పోస్తాడండీ. వద్దన్నా వినడు. నా చెట్టు ఎండిపోతుందని భయం" అంది అమ్మాయి.

"ఈ చెట్టు ఎవరిది బాబూ?" అన్నాను.

"చెల్లిది."

"ఎవరు నాటారు?"

అతని మొహంలో నవ్వు పోయింది. "మేక తినేసింది" అన్నాడు.

"మేకేంటి?"

"నల్ల మేక. మొత్తం తినేసింది. నాన్న కొట్టాడు."

ముసలమ్మ ఒక్క అంగలో వచ్చి అతని భుజం పట్టుకుంది. "ఊరుకో పెద్దబాబూ! వచ్చినాయనతో మేకలేంది, కాకులేంది! పద, అన్నం తిందువుగాని" అంది. గొంతులో ఏదో కంగారు ఉంది. అమ్మాయి మాత్రం తేలిగ్గా నవ్వి, "ఎప్పుడూ అదే మాటండీ. మా ఇంట్లో ఎన్నడూ మేకల్లేవు. ఎక్కడ చూశాడో ఏమో" అంది. నేను పుస్తకం తీసి రాసుకున్నాను: 'చెట్టును గురించి అడిగితే మేకను గురించి చెప్పుచున్నాడు. మాటకు పొంతన లేదు.'

ఆ తర్వాత నా తెలివితేటలు చూపించాను. పంపకాల దస్తావేజులో బాబాయి వాటాకు పోయిన చెక్కలో 'ఈ సంవత్సరము నాటిన చిన్నరసపు అంట్ల వరుస' అని ఒక ముక్క ఉంది. దస్తావేజు పుట్టి పదహారేళ్ళు. అంటే ఆ వరుస చెట్లకు పదహారేళ్ళని కాగితమే చెబుతోంది. అమ్మాయి చెట్టు కూడా చిన్నరసమే, నేల కూడా అదే నేల, మధ్యలో ఒక్క దడి అడ్డం. దర్జీ టేపుతో ఆ వరుసలో ఐదు చెట్ల మొదళ్ళు కొలిచాను. వచ్చి అమ్మాయి చెట్టు కొలిచాను. రెండు వేళ్ళ తేడా కూడా లేదు. అన్న చెట్టు వాటికి ఒకటిన్నర రెట్లుంది. ఇంకేం కావాలి? నా భుజం నేనే తట్టుకున్నాను.

టేపు చుట్టుకుంటూ ఉంటే ముసలమ్మ మజ్జిగ తెచ్చింది. అమ్మాయి నాలుగడుగుల దూరంలో అన్నకు అన్నం పెడుతోంది.

"బాబుగారూ" అంది ముసలమ్మ మెల్లగా, "చెట్టును చూసి రాయకండి. పిల్లను చూసి రాయండి."

"ఏం? ఈ చెట్టు అమ్మాయి పుట్టినప్పుడు నాటింది కాదా?" అన్నాను, గట్టిగానే.

అమ్మాయి తలెత్తింది. "చెప్పవే అవ్వా, భయమెందుకు? ఆ రోజు నీళ్ళు పోసింది నువ్వేగా" అంది ధైర్యం చెబుతున్నట్టు.

ముసలమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఔనండి. పురిటి స్నానం రోజే నాటాం. నా చేత్తోనే నీళ్ళు పోశా" అంది.

"ఇదే చెట్టు కదా?"

"ఆ అమ్మ చెట్టేనండి."

ఆ పిల్లను "అమ్మా, కాసేపు అటు వెళ్ళు" అంటే సరిపోయేది. ఐదంటే ఐదు నిమిషాలు. సీనియరుగారు చెప్పిందీ అదే. నాకు తోచలేదు. తోచకపోగా, ముసలమ్మ తడబాటు చూసి అమ్మాయికి సాయంగా మాట్లాడమని ఎవరో నేర్పి ఉంటారని నిర్ధారణ చేసుకున్నాను. రిపోర్టులో అదీ రాశాను.

కోర్టులో బెంచి గుమాస్తా ఒకాయన ఉండేవాడు. చింతలపూడి వైపు మెట్ట పల్లెలో పుట్టి పెరిగినవాడు, మాట వెటకారం, మనసు మంచిది. నా రిపోర్టు చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "అంతా బాగుంది గాని ఈ మేక ఎక్కడిదండీ మధ్యలో?" అన్నాడు.

"పిచ్చివాడి మేకండీ, దానికి ఊరూ పేరూ ఉంటాయా" అన్నాను.

"మా ఊళ్ళో పిచ్చివాడున్నాడండీ. వాడు కూడా ఊరికే మేక అనడు. మామిడి మొక్క దగ్గర మేక అంటే మాకు గుండె గుభేలుమంటుంది" అన్నాడు ఆయన. పల్లెటూరి చాదస్తం అనుకుని నవ్వేశాను. అటు ముసలమ్మ, ఇటు ఈయన, రెండుసార్లు నిజం నా గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టింది. నేనే తియ్యలేదు.

జడ్జిగారు నా రిపోర్టును మెచ్చుకున్నారు. 'కమిషనరు శ్రద్ధగా, శాస్త్రీయంగా పనిచేశాడు' అని తీర్పులోనే రాశారు. చెట్టుకు పదహారు, కనక పిల్లకు పదహారు. ఇద్దరికీ బాబాయే సంరక్షకుడు.

సాయంత్రం వరండాలో ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు. అర్థం కాని లెక్కను మళ్ళీ చెప్పమన్నట్టు అడిగింది.

"ప్లీడరు గారూ, నాకు పద్దెనిమిది నిండాయండీ. మా అమ్మ చెప్పింది. మా అమ్మ నాకెందుకు అబద్ధం చెబుతుంది?"

"అమ్మా, మనుషులు పొరబడతారు. చెట్టు అబద్ధం చెప్పదు" అన్నాను. మంచి వాక్యం అనిపించింది ఆ పూట. ఇంటికెళ్ళి మా ఆవిడకు కూడా చెప్పాను.

తర్వాత పదిరోజులకు ఒక వాయిదాకు చింతలపూడి వెళ్తూ హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డాను. అవతల వైపు బస్సులో బాబాయి ఆ కుర్రాణ్ణి కూర్చోబెడుతున్నాడు. కొత్త చొక్కా, నున్నగా దువ్విన తల. చెల్లెలు కిటికీ దగ్గర కింద నిలబడి అతని చెయ్యి పట్టుకుని ఉంది. అతను లారీల సందులోంచి నన్ను చూసేశాడు.

"కాకీ! నేను రైలెక్కుతా!" అని అరిచాడు సంతోషంగా. నేను చెయ్యి ఊపాను. ఏం చెయ్యను మరి? బస్సు కదిలేటప్పుడు అతను కిటికీలోంచి తల బైటపెట్టి చెల్లెలితో, "నీళ్ళు పొయ్యి! నీళ్ళు పొయ్యి!" అంటున్నాడు. ఆ అమ్మాయి నా వైపు తిరగలేదు.

మరుసటేడు వానాకాలంలో అతను ఆసుపత్రిలో రక్త విరేచనాలతో పోయాడని తెలిసింది. బాబాయి వెళ్ళేలోపే అక్కడివాళ్ళు దహనం చేసేశారట.

ఆ తర్వాతి వేసవిలో ఇంకెవరిదో గట్టు తగాదా కమిషను మీద అదే పల్లెకు వెళ్ళాను. పని ముగించి బండెక్కబోతుంటే ముసలమ్మ ఎదురొచ్చింది. సగం అయిపోయింది మనిషి. బండివాణ్ణి దూరంగా పొమ్మంది. నేను చెయ్యని పని ఆమె చేసింది.

"ఆ బిడ్డ పోయాడు బాబుగారూ. ఇంక నా నోరు ఆగట్లా" అని మొదలుపెట్టింది.

అబ్బాయికీ అమ్మాయికీ మధ్య ఆ తల్లికి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారట. అందుకని అమ్మాయి పుట్టాక కంటికి రెప్పలా చూసుకున్నారు. పురిటి స్నానం రోజు నాటిన మొక్క నడుమెత్తు పెరిగింది. పిల్లకు రెండున్నరేళ్ళప్పుడు, అన్న ఆరేళ్ళవాడు ఆడుకుంటూ తోట దడి తలుపు తీసి మరిచిపోయాడు. ఎవరిదో నల్ల మేక వచ్చి మొక్కను మొదలంటా కొరికేసింది. పేరు పెట్టి నాటిన మొక్క పోతే ఆ బిడ్డ దక్కదని వాళ్ళ భయం. తండ్రి కొడుకును చావగొట్టాడు. ఆ వారమే కొత్త వరుసకని బండినిండా అంట్లు వచ్చి ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసి, తెల్లారకముందే అదే గుంటలో నాటాడు. చూసింది తల్లీ, ముసలమ్మా, ఆ కుర్రాడూ. "ఈ మాట నోటి నుంచి వస్తే పిల్ల ప్రాణం మీదికొస్తుంది" అని ముగ్గురిచేతా ఒట్టు వేయించుకున్నాడు. కొడుకుతో, "నీ వల్లే పోయింది. ఇంక చెల్లి చెట్టుకు నీళ్ళు నువ్వే పొయ్యాలి" అన్నాడట.

ఆ వరుసా, ఆ చెట్టూ ఒకే బండిలో వచ్చిన మొక్కలు. కొలత కలవక చస్తుందా!

"ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఆ పిల్ల ఎదురుగా నిలబడి, నీ చెట్టు ఏనాడో చచ్చిపోయిందే అని ఏ నోటితో చెప్పనయ్యా? ఆమెకు తగలకూడదని నోరు మూసుకున్నా. ఆ బాబుకు తగిలింది." ముసలమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మీకు చెప్పా. ఆ అమ్మకు మాత్రం చెప్పొద్దు. ఆమైనా చల్లగా ఉండాలి."

మాటిచ్చాను.

ఇప్పుడు నా పరువు తీసుకునే ముక్క చెబుతాను, వినండి. అప్పటికి ఆ అమ్మాయి కాగితాల మీద ఇంకా మూడేళ్ళు మైనరు. నేను జడ్జిగారి దగ్గరికెళ్ళి "నా రిపోర్టు తప్పు" అంటే ఆ మూడేళ్ళూ ఆమెకు తిరిగొచ్చేవి. మా సీనియరుగారికి మాత్రం చెప్పుకున్నాను. ఆయన పొడుం డబ్బా తిప్పుతూ, "నీ కొలతలో తప్పు లేదుగా?" అన్నారు. "లేదండి." "అయితే నీ రిపోర్టులో తప్పు లేదోయ్" అన్నారు. ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. పైకి ముసలమ్మకిచ్చిన మాట అన్నాను. లోపల ఉన్నది అది కాదు. అప్పుడప్పుడే నాలుగు కేసులొస్తున్నాయి, తీర్పులో 'శాస్త్రీయంగా' అని నా గురించి రాసి ఉంది. దాన్ని నా చేత్తో నేను కొట్టేసుకోలేకపోయాను.

అన్న పోయాక తోట చట్టప్రకారం ఆ అమ్మాయికే వచ్చింది. బాబాయి చిల్లిగవ్వ తినలేదు, తోటలో ఒక్క చెట్టు పోనివ్వలేదు. కాగితాల ప్రకారం ఇరవై ఒకటి నిండిన రోజున, అంటే నిజానికి ఇరవై మూడు దాటాక, ఆమె కోర్టుకొచ్చి సంతకాలు చేసి తన మాట తాను తెచ్చుకుంది. వెళ్ళిపోతూ వరండాలో నన్ను చూసి ఆగింది. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"ప్లీడరు గారూ, ఒక్క మాట అడగనా? ఇది మా అన్న పోయాక ఆసుపత్రివాళ్ళు బాబాయికి రాసిన ఉత్తరమండీ. నిన్ననే చూశాను. చివరి రోజుల్లో కూడా మేక మేక అనేవాడట. మీ రిపోర్టు నకల్లో కూడా ఉందది. మీరు ఎందరో సాక్షుల్ని చూసినవారు కదా. ఆ మేకేంటో మీకేమైనా తెలుసా అండీ?"

ముసలమ్మ అప్పటికి బతికే ఉంది. మాటిచ్చానన్న సాకూ ఉంది.

"తెలియదమ్మా" అన్నాను.

తల ఊపి, కాగితాలు మడిచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళకు ముసలమ్మ పోయింది. ఇక నాకు అడ్డేముంది? జంక్షన్ మీదుగా వందసార్లు వెళ్ళాను. ఆ పల్లె దారి మళ్ళే చోట ప్రతిసారీ మొహం అటు తిప్పుకున్నాను.

సాక్షిని ఒంటరిగా అడగండి అని మీకు చెప్పి ముగించవచ్చు. అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. నేనిది రాసింది మీకోసం కాదు. ఆమె ఇంకా ఉంటే డెబ్భైకి దగ్గరపడి ఉంటుంది. నా ఆయుష్షు కూడా ఆఖరికొచ్చింది. అమ్మా, నువ్వు ఆ రోజు అడిగినదానికి జవాబు ఇది. నీకు రెండున్నరేళ్ళప్పుడు నీ మొక్కను మేక తినేసింది. ఇప్పుడున్నది దాని చోట నాటిన చెట్టు. నీకు తగలకూడదని నీవాళ్ళందరూ దాచారు. ఆ రోజు నీ వయసు నువ్వు సరిగ్గానే చెప్పావు. మీ అమ్మ నీకు అబద్ధం చెప్పలేదు. ఆ తోటలో నన్ను నిలబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పినవాడు మీ అన్న ఒక్కడే. నేను దాన్ని అతని పిచ్చికి రుజువుగా రాశాను.